ఎం18 మోటార్‌వే ఎక్కాలా, పాత రోడ్డులోనే పోవాలా: ఐర్లండ్‌లో గాల్వే వైపు ఉండేవాళ్లకి నా సలహా

పోయిన వారం గోర్ట్‌లో ఇల్లు వెతుక్కుంటున్న ఒక తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, కొత్త మోటార్‌వే వచ్చేసింది కదా, ఇంక పాత రోడ్డుతో పనేముంది?" అన్నాడు. ఉంది తమ్ముడూ, చాలా పని ఉంది. ఎక్కడ బయల్దేరుతున్నావు, ఏ టైముకి, స్టీరింగ్ ఎవరి చేతిలో ఉంది, ఈ మూడూ చెప్పకుండా ఏ రోడ్డు మంచిదో ఎవరూ చెప్పలేరు. ఆ రాత్రి ఫోన్‌లో గంటసేపు వాగాక, ఇదంతా రాసి పెడితే ఇంకో నలుగురికైనా పనికొస్తుందనిపించింది.

కొత్తగా వచ్చినవాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. 2017 సెప్టెంబర్ 27న గోర్ట్ నుంచి చూమ్ దాకా కొత్త రోడ్డు తెరిచారు, అంటే ఇది రాస్తున్నప్పటికి రెండు నెలలు దాటింది. మొత్తం 57 కిలోమీటర్లు. అందులో 53 మోటార్‌వే (మన ఎక్స్‌ప్రెస్‌వే లాంటిది), మిగిలిన 4 చూమ్ ఊరి పక్క నుంచి పోయే డ్యూయల్ క్యారేజ్‌వే, అంటే మధ్యలో డివైడర్ ఉన్న రోడ్డు. (బోర్డు మీద అక్షరాలు చూసి తుయామ్ అని చదవాలనిపిస్తుంది. అలా అడిగి ఒకసారి బస్సు డ్రైవర్ చేత నవ్వించుకున్నాను. చూమ్ అనాలి.) గోర్ట్ నుంచి లిమరిక్ వైపు మోటార్‌వే 2010 నుంచే ఉంది, ఇప్పుడు రెండూ కలిశాయి. మధ్యలో ఆథెన్‌రై దగ్గర, రాత్‌మోరిసీ అనే చోట, డబ్లిన్ వైపు నుంచి వచ్చే ఎం6ని దాటుతుంది. అక్కడికి దక్షిణాన ఉన్నది ఎం18, ఉత్తరాన ఉన్నది ఎం17 (ఎం అంటే మోటార్‌వే, ఎన్ అంటే మామూలు నేషనల్ రోడ్డు). తిన్నగా పోతున్న మనిషికి రోడ్డు పేరు ఎందుకు మారిపోవాలో నాకైతే అర్థం కాలేదు, ఇక్కడివాళ్లనడిగినా భుజాలెగరేస్తున్నారు. టోల్ లేదు. ఇది ముఖ్యం, ఎందుకంటే హైదరాబాద్ ఓఆర్ఆర్ అలవాటున్న మనకి ఇంత రోడ్డు ఊరికే ఇచ్చారంటే ఎక్కడో కెమెరా పెట్టి ఇంటికి బిల్లు పంపిస్తారేమోనని అనుమానం. పంపరు.

మేం ఉండేది గాల్వే పక్కనే ఉన్న ఒరన్‌మోర్‌లో. నేను వారానికి మూడు రోజులు లిమరిక్ వెళ్లి రావాలి, నాలుగేళ్లుగా ఇదే బతుకు. పాత ఎన్18 మీద క్లారిన్‌బ్రిడ్జ్, కిల్‌కోల్గన్, ఆర్డ్రహాన్, లబాన్, ఈ ఊళ్లన్నీ నాకు మా వీధి గుమ్మాల్లాగా తెలుసు, ఎందుకంటే ప్రతి గుమ్మం ముందూ కారు ఆపి కూర్చున్నవాణ్ణే. శుక్రవారం సాయంత్రం లిమరిక్ నుంచి వస్తుంటే కిల్‌కోల్గన్ కంటే ముందే వరస మొదలయ్యేది. ఒక లారీ, దాని వెనక ఒక ట్రాక్టరు, ట్రాక్టరు వెనక గొర్రెల ట్రైలరు, ఆ గొర్రెల మొహాలు చూస్తూ అరగంట. కాబట్టి కొత్త రోడ్డు తెరిచిన రోజు మా ఆఫీసులో అందరికంటే ఎక్కువ సంబరపడ్డది నేనే. మర్నాడు పొద్దున్నే ఎక్కేశాను.

ఎక్కి, తప్పిపోయాను.

రాత్‌మోరిసీ దగ్గర ఎం6 నుంచి ఎం18కి మారాలంటే పక్కకి వంగి జారిపోయే దారి ఉంటుందనుకున్నాను. లేదు. ఎగ్జిట్ తీసుకుని పైన రౌండ్‌అబౌట్ ఎక్కాలి, అక్కడ నాలుగు వైపులకీ నాలుగు దారులు, మీ బోర్డు చూసుకుని దిగాలి. నా నావిగేషన్‌లో ఆ రోడ్డే లేదు. తెర మీద పచ్చటి పొలం, పొలం మధ్యలో నా కారు బాణం ఒక్కటే తిరుగుతోంది, అందులో మాట్లాడే ఆవిడేమో "వీలైతే వెనక్కి తిరగండి" అని పాఠం అప్పజెప్తోంది. ఆ కంగారులో డబ్లిన్ వైపు దిగిపోయి, ఆథెన్‌రై ఎగ్జిట్ దాకా పోయి, వెనక్కి తిరిగి వచ్చాను. పావుగంట మిగుల్చుకుందామని వెళ్లి పావుగంట పోగొట్టుకున్నాను. మొదటి వారం ఇలా చాలామందికి అయిందట, మా ఆఫీసులోనే ఇద్దరు. ఫోన్ మ్యాప్‌లు ఇప్పుడు సర్దుకున్నాయి, కారుతో వచ్చిన పాత నావిగేషన్ అప్‌డేట్ చేయకపోతే మాత్రం దాన్ని నమ్మకండి. గాల్వే నుంచి లిమరిక్ అయితే ఆ రౌండ్‌అబౌట్ మీద లిమరిక్, ఎం18 అన్న బోర్డు తప్ప ఇంకేదీ చూడక్కర్లేదు.

సరే, అసలు లెక్క. ఒరన్‌మోర్ నుంచి గోర్ట్ పాత రోడ్డులో నా మీటర్ ప్రకారం 28 కిలోమీటర్లు. మోటార్‌వే మీద 37 దాకా వస్తుంది. ఎందుకంటే మనం పోవాల్సింది దక్షిణానికి, ఎం18 అందుకోవాలంటే ముందు తూర్పుకి పోవాలి. చేతిని తల చుట్టూ తిప్పి ముక్కు పట్టుకున్నట్టు. టైము చూస్తే మోటార్‌వే మీద 22, 23 నిమిషాలు, పాత రోడ్డులో ఖాళీగా ఉంటే అరగంట, స్కూళ్ల టైములో ఇంకో ఐదూ పదీ. అంటే ఏడెనిమిది నిమిషాల కోసం తొమ్మిది కిలోమీటర్ల పెట్రోల్. ఇదివరకు పాత రోడ్డు నలభై, యాభై నిమిషాలు తినేది కాబట్టి ఆ లెక్కన చూస్తే కొత్త రోడ్డు స్వర్గం. ఇప్పుడు పాత రోడ్డే మారిపోయింది, ఈ పోలికలో అందరూ మర్చిపోతున్నది ఇదే. లారీలన్నీ మోటార్‌వే ఎక్కేశాయి. క్లారిన్‌బ్రిడ్జ్‌లో ఇప్పుడు రోడ్డు దాటడానికి మనిషి రెండు వైపులా చూసి మామూలుగా దాటుతున్నాడు, ఇదివరకు ఎవరో ఒకరు దయ తలచి ఆగాలి.

అందుకని నేను ఎవరూ చెప్పని మూడో దారి పట్టాను. ఒరన్‌మోర్ నుంచి పాత రోడ్డులోనే క్లారిన్‌బ్రిడ్జ్, కిల్‌కోల్గన్ దాటి, కిల్టియర్నన్ దగ్గర ఎం18 ఎక్కడం. గోర్ట్‌కి 24, 25 నిమిషాలు. మొత్తం మోటార్‌వేతో పోలిస్తే రెండు నిమిషాలు తేడా, దూరం మాత్రం దాదాపు పాత రోడ్డంతే. ఒరన్‌మోర్, క్లారిన్‌బ్రిడ్జ్, కిన్వారా వైపు ఉండేవాళ్లు కళ్లు మూసుకుని ఇదే పట్టండి (కళ్లు తెరిచే నడపండి). పొద్దున ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింపావు మధ్య మాత్రం వద్దు, ఊళ్లలో పిల్లల్ని దింపే కార్లతో అదే పాత కథ, ఆ టైముకి రాత్‌మోరిసీ చుట్టుదారే నయం. అదే మీరు గాల్వే ఊళ్లో తూర్పు వైపు, డొహిస్కా, బ్రయర్‌హిల్ పక్కన ఉంటే ఆలోచించక్కర్లేదు. ఎం6 మీ ఇంటి ముందే ఉన్నట్టు లెక్క, ఎక్కి పోవడమే. నది అవతల, సాల్ట్‌హిల్ వైపు ఉంటే? మీ కష్టానికీ ఈ మోటార్‌వేకీ సంబంధం లేదు. మీ టైమంతా గాల్వే ఊరు దాటడానికే పోతుంది, దాన్ని ఏ ఎం నంబరూ ఇంకా బాగుచేయలేదు, ఆ ఊరికి బైపాస్ వేస్తామన్న మాట ఇన్నేళ్లుగా కాగితాల మీదే ఉంది.

పెట్రోల్ గురించి ఒక మాట, ఇది నా సొంత తప్పు కాబట్టి వివరంగా చెప్తాను. నాది 1.4 పెట్రోల్ కారు. ఇదివరకు ఒక ట్యాంకుకి నాలుగుసార్లు లిమరిక్ వెళ్లి రావడం వచ్చేది. మోటార్‌వే వచ్చాక 120 మీద కాలు పెట్టి నొక్కి ఉంచడం అలవాటై, నాలుగోసారి తిరిగొచ్చేటప్పుడు లైటు వెలగడం మొదలైంది. అక్టోబర్‌లో ఒక రాత్రి ఎన్నిస్ దాటాక వెలిగింది. ఇంటి దగ్గర పోయించుకుందాంలే అనుకున్నాను. గోర్ట్ ఎగ్జిట్ వచ్చింది, తెర మీద ఇంకా 40 కిలోమీటర్లు వస్తుందని ఉంది, వదిలేశాను. ఐదు నిమిషాల్లో ఆ 40 కాస్తా 21 అయింది, తర్వాత అంకె పోయి రెండు గీతలు వచ్చాయి. ఆ రోడ్డు మీద రాత్రిపూట వీధి దీపాలు లేవు, ముందు కారు లేదు, వెనక కారు లేదు, రోడ్డు మీద అతికించిన పిల్లికళ్ల (లైటు పడితే మెరిసే రిఫ్లెక్టర్లు) మెరుపు తప్ప ఇంకేం లేదు. హీటర్ ఆపేశాను. రేడియో కూడా ఆపేశాను, రేడియోకీ పెట్రోల్‌కీ సంబంధం ఏమిటో నాకూ తెలీదు. 80కి దించి, ఎడమ లైనులో ముసలి ఎద్దులా నడుపుకుంటూ కిల్టియర్నన్ దగ్గర దిగి, పాత రోడ్డెక్కి కిల్‌కోల్గన్‌లో బంకు లైట్లు కనపడేదాకా ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

ఇందులో తెలుసుకోవాల్సిందేంటంటే, లిమరిక్ దాటాక చూమ్ దాకా ఈ మోటార్‌వే మీద 2017లో బంకు గానీ, టీ కొట్టు గానీ, బాత్రూమ్ గానీ, ఏదీ లేదు. విజయవాడ రోడ్డులో సూర్యాపేట వస్తుంది కదా, ఆగి టీ తాగుదాం అనుకునే ప్రాణాలకి ఇది పెద్ద లోటు. చిన్నపిల్లలతో వెళ్తుంటే ఇదొక్కటే పాత రోడ్డు వైపు మొగ్గడానికి చాలు. లేదా గోర్ట్‌లో దిగండి. గోర్ట్ నాకిష్టమైన ఊరు, మాంసం ఫ్యాక్టరీల్లో పని కోసం వచ్చిన బ్రెజిల్ వాళ్లు అక్కడ చాలామంది స్థిరపడ్డారు, ఐరిష్ పల్లెటూళ్లో బ్రెజిల్ సరుకుల కొట్టు, పోర్చుగీస్ మాటలు, చూస్తే మనం ఒక్కళ్లమే పరాయివాళ్లం కాదని ధైర్యం వస్తుంది. మోటార్‌వే వచ్చాక ఆ ఊళ్లో ఆగేవాళ్లు తగ్గారని కొట్లవాళ్లు గొణుగుతున్నారు, మీరైనా ఆగండి. ఇంకోటి, 120 అనేది పరిమితి, పందెం కాదు. 105, 110 మధ్య పోతే గోర్ట్‌కి ఒకటి రెండు నిమిషాలు ఆలస్యం, నా ట్యాంకు మళ్లీ నాలుగుసార్లూ వస్తోంది.

ఇక చూమ్ వైపు. ఇది ఇల్లు వెతుక్కునేవాళ్లు జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే గాల్వేలో అద్దెలు చూసి కళ్లు తిరిగినవాళ్లు చూమ్, ఆథెన్‌రై, గోర్ట్ అంటూ బయటికి పోతున్నారు, మోటార్‌వే వచ్చింది కాబట్టి ఎంత దూరమైనా పర్లేదన్న ధీమాతో. చూమ్ నుంచి గాల్వేకి పాత దారి క్లేర్‌గాల్వే మీదుగా, సుమారు 33 కిలోమీటర్లు. క్లేర్‌గాల్వేలో రోడ్డు పక్కనే పాత ఫ్రాన్సిస్కన్ మఠం శిథిలాలు, నది ఒడ్డున కోట, చాలా అందమైన చోటు, పొద్దున ఎనిమిదింటికి ఆ అందాన్ని తీరిగ్గా చూసుకోవచ్చు, కారు కదలదు కాబట్టి. లిమరిక్ నుంచి చూమ్ పోయే లారీలు కూడా ఇదివరకు ఒరన్‌మోర్ దగ్గర తిరిగి ఇదే ఊళ్లోంచి పోయేవి, ఆ బరువు తగ్గింది. కానీ క్లేర్‌గాల్వేలో నిలబడేవాళ్లలో ఎక్కువమంది గాల్వేకే పోయేవాళ్లు. వాళ్లకి మోటార్‌వే అంటే ఎం17 మీద రాత్‌మోరిసీ దాకా వచ్చి, ఎం6 మీద పడమరకి తిరగడం, పదికి పైగా కిలోమీటర్లు ఎక్కువ. రద్దీ టైములో అది లాభమే, మా ఆఫీసులో చూమ్ నుంచి వచ్చే ఐరిష్ ఆయన, రోడ్డు తెరిచిన రెండో రోజునుంచే అటు మారిపోయాడు, ఎంత మిగిలిందయ్యా అంటే నిమిషాలు చెప్పడు, "రోజూ ఒకటే టైముకి ఇంటికి చేరుతున్నా" అంటాడు. నాకది నిమిషాల కంటే పెద్ద మాటగా అనిపించింది. మధ్యాహ్నాలూ, ఆదివారాలూ అయితే ఆయన కూడా క్లేర్‌గాల్వే మీదుగానే వస్తాడు.

కాబట్టి ఇల్లు చూసేటప్పుడు ఆఫీసు గాల్వే తూర్పు వైపు ఫ్యాక్టరీల్లో ఉంటే చూమ్, ఆథెన్‌రై రెండూ పర్లేదు. ఆఫీసు ఊరి మధ్యలోనో, యూనివర్సిటీలోనో ఉంటే రైలు స్టేషన్ ఉన్న ఆథెన్‌రైకే నా ఓటు. భార్యాభర్తల్లో ఒకరికి లిమరిక్‌లో పని, ఒకరికి గాల్వేలో అయితే మా తమ్ముడిలాగా గోర్ట్, రెండో ఆలోచన వద్దు. అక్కణ్ణుంచి లిమరిక్ దాకా మోటార్‌వే, డ్యూయల్ క్యారేజ్‌వే తప్ప వేరే లేదు, గాల్వేకి రెండు దారులు, పైగా స్టేషన్ ఉంది.

రైలు అన్నాను కదా, గాల్వే నుంచి లిమరిక్‌కి ఒరన్‌మోర్, ఆథెన్‌రై, గోర్ట్, ఎన్నిస్ మీదుగా రైలుంది, మూతపడిన ఆథెన్‌రై, ఎన్నిస్ మధ్య ముక్కని 2010లో మళ్లీ తెరిచారు. దాదాపు రెండు గంటలు పడుతుంది. కారులో గంటంబావు. రోజుకి నాలుగైదు బళ్లే. లాప్‌టాప్ తెరిచి పని చేసుకోవాలంటే, లేదా వాన రోజు టెన్షన్ వద్దనుకుంటే బాగుంటుంది, నేను నెలకోసారి ఎక్కుతాను. రోజూ అయితే కష్టం.

ఊరికే చూడ్డానికి పోయేవాళ్ల సంగతి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చారంటే మనవాళ్లందరూ తీసుకెళ్లే మొదటి చోటు క్లిఫ్స్ ఆఫ్ మోహర్ అనే సముద్రపు కొండచరియలు. గాల్వే నుంచి దానికి మోటార్‌వే ఎక్కకండి. కొత్త రోడ్డన్న మోజులో ఒకాయన ఎన్నిస్ దాకా పోయి అక్కణ్ణుంచి తిరిగాడు, టైము కలిసొచ్చిందనే అంటాడు గానీ చూడాల్సిందంతా వదిలేశాడు. పాత రోడ్డులో కిల్‌కోల్గన్ దాకా వచ్చి, ఎన్67 మీద కుడికి తిరిగి, కిన్వారాలో నీళ్ల పక్కనున్న డన్‌గ్వయిర్ కోట దగ్గర ఆగి, బాలీవాన్ మీదుగా బరెన్ అనే రాతి నేల మధ్య నుంచి వెళ్లండి. రోడ్డు ఇరుకు, ఎదురుగా టూరిస్టు బస్సు వస్తే గుండె జారుతుంది, అయినా అదే దారి. లిమరిక్, షానన్ వైపు నుంచి వచ్చేవాళ్లకి మాత్రం ఎం18 మీద ఎన్నిస్ దాకా వచ్చి ఎన్85 పట్టడమే సుఖం. కిల్‌కోల్గన్ దగ్గర ఆయిస్టర్లు తినేవాళ్లుంటే అదొక కారణం (నేను ఒక్కసారి తిన్నాను, చాలు). గోర్ట్ పక్కన నాటక రచయిత్రి లేడీ గ్రెగరీ ఉండిన కూల్ పార్క్, కవి యేట్స్ కాపురం చేసిన థూర్ బాలీలీ అనే రాతి బురుజు, ఇవి రెండూ పాత రోడ్డుకి దగ్గర. మోటార్‌వే మీద పోయేవాడికి ఇవేవీ కనపడవు, రెండు వైపులా మట్టి గట్టు, కంచె, అక్కడక్కడా ఓవర్‌బ్రిడ్జి, అంతే.

వాతావరణం విషయంలో నా ఓటు మోటార్‌వేకే. అక్టోబర్ 16న ఒఫీలియా తుపాను వచ్చి దేశమంతా స్కూళ్లు మూశారు కదా, మర్నాడు నేను లిమరిక్ వెళ్లాల్సి వచ్చింది. పాత రోడ్డులో ఒరన్‌మోర్ దాటగానే కొమ్మలు, ఆకులు, ఒక చోట సగం చెట్టు. వెనక్కి తిరిగి మోటార్‌వే ఎక్కితే అరచేతిలా శుభ్రంగా ఉంది. ఇంకోటి నీళ్లు. గోర్ట్ చుట్టూ నేలంతా సున్నపురాయి, వాన నీరు వాగుల్లో కంటే నేల కిందే ఎక్కువ పారుతుంది, చలికాలంలో అది పైకి తన్నుకొచ్చి పచ్చిక బయళ్లు చెరువులైపోతాయి, వేసవికి మళ్లీ ఇంకిపోయి అందులోనే ఆవులు మేస్తాయి. టర్లాక్ అంటారు. మొదటిసారి చూసినప్పుడు చెరువనే అనుకున్నాను, జూన్‌లో వెళ్తే చెరువు లేదు. 2009లోనూ, 2015-16 చలికాలంలోనూ ఆ చుట్టుపక్కల బాగా మునిగింది. అలాంటి వానలు పడ్డప్పుడు పాత రోడ్డు నమ్ముకోకండి. ఒకటే జాగ్రత్త, మోటార్‌వే ఎత్తు కట్టల మీద ఉన్న చోట్ల పక్కగాలి గట్టిగా కొడుతుంది, లారీని దాటి బయటికి రాగానే కారు ఒక్క తోపు తోసినట్టవుతుంది, స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోండి.

ఎయిర్‌పోర్టులు త్వరగా చెప్పేస్తాను. షానన్ ఇప్పుడు గాల్వే తూర్పు వైపు నుంచి గంటలోపే, అమెరికా వెళ్లేవాళ్లకి ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది కాబట్టి ధర తేడా లేకపోతే షానన్‌కే పొండి. నాక్ ఎయిర్‌పోర్టుకి చూమ్ దాకా ఝామ్మని పోతారు, బైపాస్ అయిపోగానే ఎన్17 మళ్లీ ఎదురుబొదురు ఒక్కో లైను రోడ్డు, కల చెదిరినట్టుంటుంది. హైదరాబాద్‌కి మాత్రం గల్ఫ్ మీదుగా డబ్లిన్ నుంచే పోవాలి. దానికి ఈ రోడ్డుతో పని లేదు, ఎం6, ఎం4, చివర డబ్లిన్ చుట్టూ తిరిగే ఎం50. టోళ్లు 2017లో ఎం6 మీద 1.90, ఎం4 మీద 2.90, ఎం50కి 3.10 యూరోలు ఉండేవి. ఆ ఎం50కి గేటు ఉండదు, మర్నాడు రాత్రి ఎనిమిదిలోగా కట్టాలి, సామాన్లూ ఏడుపులూ మధ్య అది మర్చిపోయి జరిమానా కట్టనివాడు మా ఫ్రెండ్స్‌లో ఒక్కడు లేడు. లిమరిక్ దాటి కార్క్ వైపు పోయేటప్పుడు నది కింది టనెల్‌కి టోల్ ఉంటుంది, 2017లో 1.90 ఉండేది, ఊళ్లోంచి పోతే కట్టక్కర్లేదు, సాయంత్రం ఐదింటికి ఆ రెండు యూరోలకి కక్కుర్తి పడకండి.

చివరగా, స్టీరింగ్ ఎవరిదన్న ప్రశ్న. మన ఇండియా లైసెన్సుని ఇక్కడ నేరుగా మార్చి ఇవ్వరు. థియరీ టెస్ట్, లర్నర్ పర్మిట్, క్లాసులు, టెస్ట్, అన్నీ మొదటి నుంచి. మా ఆవిడ బెజవాడ బెంజ్ సర్కిల్‌లో పదకొండేళ్లు కారు నడిపిన మనిషి, ఇప్పుడు కారుకి ఎల్ బోర్డు పెట్టుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకుంటోంది. ఎల్ బోర్డుతో మోటార్‌వే ఎక్కకూడదు. పక్కన లైసెన్సున్న మొగుడున్నా సరే, ఎక్కకూడదు. చూమ్ బైపాస్ ముక్క మోటార్‌వే కాదు కాబట్టి దాని మీద పోవచ్చు, దానికోసం చూమ్ దాకా పాత రోడ్డులో పోవాలి, అది వేరే సంగతి. కాబట్టి నేర్చుకునేవాళ్లున్న ఇంట్లో రోడ్డు ఎంపిక గవర్నమెంటే చేసేసింది. అదీ మంచికే అంటాను. ఇదివరకు ఎన్18 మీద లారీల మధ్య నేర్చుకోవడమంటే నరకం, ఇప్పుడు అదే రోడ్డు నేర్చుకోవడానికి చేసి పెట్టినట్టుంది. ప్రతి ఆదివారం గోర్ట్ దాకా తను నడుపుతుంది. మొన్న ఆర్డ్రహాన్ దాటాక ఎదురుగా ట్రాక్టరు మీద వస్తున్న ముసలాయన స్టీరింగ్ మీద నుంచి ఒక్క వేలు పైకెత్తాడు. "మీకు తెలిసినాయనా?" అని అడిగింది. తెలియదు. ఇక్కడ పల్లె రోడ్ల మీద ఎదురయ్యే ప్రతివాడికీ అలా వేలెత్తి పలకరిస్తారు. లారీలు ఉన్నన్నాళ్లూ ఆ రోడ్డు మీద ఎవరూ ఎత్తగా నేను చూడలేదు.

లైసెన్సు వచ్చాక రెండేళ్లు ఎన్ బోర్డు (నోవిస్, అంటే కొత్త డ్రైవర్ అని) పెట్టుకోవాలి, దాంతో మోటార్‌వే ఎక్కొచ్చు. కానీ ఎన్ బోర్డువాళ్లకి ఏడు పెనాల్టీ పాయింట్లు పడితే లైసెన్సు ఊడుతుంది, మామూలువాళ్లకి పన్నెండు. స్పీడుకి ఒక్కసారి దొరికితే మూడు పాయింట్లు, పైగా జరిమానా, అది 2017లో 80 యూరోలు ఉండేది. లెక్క మీరే వేసుకోండి. మొదటిసారి ఎక్కేవాళ్లు ఆదివారం పొద్దున, గోర్ట్ దగ్గర ఎక్కి కిల్టియర్నన్ దగ్గర దిగిపోండి, ఒక్క ఎగ్జిట్, పది నిమిషాలు. ర్యాంప్ మీదే వేగం అందుకోవాలి, చివరికొచ్చి ఆగిపోతే వెనకవాడి ప్రాణం మీదకి వస్తుంది. దాటాక మళ్లీ ఎడమ లైనులోకి వచ్చేయాలి, కుడి లైను మన సొంతం కాదు, ఈ ఒక్క విషయంలో ఐరిష్‌వాళ్లే మనకంటే అన్యాయం అనుకోండి. మా ఆవిడ టెస్ట్ జనవరిలో. పాసైతే మొదటి రోజు ఆ ముక్క మీదే నడుపుతానంది, నేను మాత్రం కిల్‌కోల్గన్‌లో దిగి బస్సులో ఇంటికి వెళ్లాలని ఇప్పుడే షరతు పెట్టింది.